వాగు బాగుకి పొలంలో పెట్టే ఖర్చు: ఎకరాల లెక్క ఎందుకు సరిపోదు

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో మొక్కజొన్న వేసే రైతు ఒకాయన, ఎరువులూ మట్టీ వాగులోకి పోకుండా ఆపడానికి, తన పొలంలో వాగు వైపు అంచున పది మీటర్ల వెడల్పు నేల వదిలేసి గడ్డి పెంచాడనుకుందాం. అక్కడ పండాల్సిన పంట ఆ ఏడాదే పోతుంది. గడ్డి విత్తనాల ఖర్చు, కలుపు చూసుకునే పని, పెద్ద యంత్రాలు తిప్పుకోవడానికి చోటు తగ్గడం, అన్నీ ఆయన నెత్తినే. ఫలితం మాత్రం దిగువ ఊళ్లో కుళాయి తిప్పేవాళ్లకి, ఇంకా కిందికి పోతే గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో రొయ్యలు పట్టేవాళ్లకి దక్కుతుంది. అదీ కొన్నేళ్ల తర్వాత. సొమ్మొకడిది సోకొకడిది అన్న సామెత ఇంత అచ్చంగా సరిపోయే వ్యవహారం ఇంకోటి ఉండదేమో.

అందుకే ప్రభుత్వాలు మధ్యలోకి వస్తాయి. అమెరికాలో 1972 నాటి క్లీన్ వాటర్ యాక్ట్ ఫ్యాక్టరీలు, మురుగునీటి ప్లాంట్లు నదుల్లోకి వదిలే నీటి మీద గట్టి నియంత్రణ పెట్టింది కానీ, పొలాల మీంచి పారే వాననీటిని, సాగునీటి మిగులుని పెద్దగా ముట్టుకోలేదు. ఆ చట్టంతో రైతుని ఆదేశించలేరు కాబట్టి డబ్బిచ్చి ఒప్పించడమే దారి అయ్యింది. 1985 నాటి వ్యవసాయ చట్టంతో (దాన్ని ఫార్మ్ బిల్లు అంటారు) మొదలైన కన్జర్వేషన్ రిజర్వ్ ప్రోగ్రామ్‌లో, రైతు 10 నుంచి 15 ఏళ్ల పాటు భూమిని సాగు చేయకుండా గడ్డికో చెట్లకో వదిలేస్తే ఏటా అద్దె కడతారు. 2007లో ఈ పథకం కింద దాదాపు 3.7 కోట్ల ఎకరాలు ఉండేవి. మొక్కజొన్న ధర పెరిగాక చాలామంది ఒప్పందం ముగియగానే మళ్లీ నాగలి పట్టారు. 2022లో వచ్చిన చట్టం ఒకటి వ్యవసాయ సంరక్షణ పథకాలకి అదనంగా సుమారు 1,950 కోట్ల డాలర్లు కేటాయించింది.

ఇంత డబ్బు పెడుతున్నా నీళ్లు బాగుపడ్డాయా అంటే సూటి జవాబు రాదు. మిసిసిపీ నది మోసుకొచ్చే ఎరువుల వల్ల గల్ఫ్‌లో ప్రతి వేసవిలోనూ ఆక్సిజన్ లేని ప్రాంతం ఏర్పడుతుంది. 1985 నుంచి దాన్ని కొలుస్తున్నారు. 2017లో అది సుమారు 22,700 చదరపు కిలోమీటర్లకి చేరింది. అప్పటిదాకా అంత పెద్దది చూడలేదు. దాన్ని ఐదేళ్ల సగటున 5,000 చదరపు కిలోమీటర్ల లోపుకి తేవాలని 2001లో నిర్ణయించుకుని 2015 గడువు పెట్టుకున్నారు. గడువు దాటిపోయింది. ఇప్పుడు 2035 అంటున్నారు.

అలాగని రైతులు చేసిన పనులన్నీ దండగ అనుకోనక్కర్లేదు. చాలావరకు పొలం గట్టు దగ్గర పనిచేశాయి. నా ఉద్దేశంలో చిక్కంతా లెక్క వేసే పద్ధతిలో ఉంది. ప్రభుత్వం ఎకరాల చొప్పున డబ్బిస్తుంది, ఎకరాల చొప్పునే విజయం ప్రకటిస్తుంది. వాగుకి ఎకరాలతో పని లేదు. తనలోకి రాకుండా ఆగిన నత్రజని ఎన్ని కిలోలు, భాస్వరం ఎన్ని కిలోలు, మట్టి ఎన్ని టన్నులు అన్నదే దానికి తెలుస్తుంది. ఈ రెండు లెక్కలూ కలవని చోట్లు చాలా ఉన్నాయి.

మట్టి పోయే దారి వేరు, నైట్రేట్ పోయే దారి వేరు

పొలం నుంచి వాగుకి చేరే వాటిలో ముఖ్యమైనవి మూడు. మట్టి వాన కొట్టినప్పుడు నేల పైపైన కొట్టుకుపోతుంది. భాస్వరంలో ఎక్కువ భాగం మట్టి రేణువులకి అతుక్కుని దాంతోపాటే పోతుంది, కొంత నీళ్లలో కరిగి పోతుంది. నైట్రేట్ సంగతి పూర్తిగా వేరు. అది మట్టికి అతుక్కోదు. నీటితో పాటు కిందికి ఇంకి, వేళ్లకి అందనంత లోతుకి దిగి, పక్కదారిన వాగులోకి తేలుతుంది.

అయోవా లాంటి రాష్ట్రాలున్న అమెరికా మిడ్‌వెస్ట్‌లో ఆ పక్కదారి మనుషులు వేసిందే. అక్కడి నేలలు చాలాచోట్ల ఒకప్పుడు చిత్తడి నేలలు. నీరు తీయడానికి భూమిలో సుమారు మీటరు లోతున గొట్టాలు పరిచారు. వాటిని టైల్ డ్రెయిన్లు అంటారు, మొదట్లో కాల్చిన మట్టి గొట్టాలు వాడారు కాబట్టి. వాగు ఒడ్డున నిలబడి చూస్తే గట్టులోంచి ప్లాస్టిక్ గొట్టం మూతి ఒకటి బయటికి పొడుచుకుని కనిపిస్తుంది. వసంతకాలంలో దాంట్లోంచి నీళ్లు బుడబుడా పడుతుంటాయి. మట్టి లేదు, రంగు లేదు, వాసన లేదు. చూడ్డానికి దోసిట పట్టి తాగొచ్చనిపించేంత తేటగా ఉంటాయి. తాగునీటిలో నైట్రేట్ రూపంలో ఉన్న నత్రజని లీటరుకి 10 మిల్లీగ్రాములు దాటకూడదని అమెరికా ప్రమాణం. పసిపిల్లల రక్తంలో ఆక్సిజన్ మోసే శక్తి తగ్గిపోతుందన్న భయంతో పెట్టిన హద్దు అది. ఆ తేట నీళ్లలో అంతకు మించి నైట్రేట్ ఉండడం అక్కడ వింతేమీ కాదు.

ఇప్పుడు మనం మొదట చెప్పుకున్న గడ్డి పట్టీ సంగతి చూడండి. పైపైన పారే మట్టిని అది చక్కగా పట్టేస్తుంది. వేళ్ల మధ్యగా నెమ్మదిగా పారే భూగర్భ జలంలోంచి నైట్రేట్‌ని కూడా బాగానే తీసేస్తుంది. కానీ టైల్ గొట్టం ఆ పట్టీ అడుగునుంచి దూరిపోయి నీళ్లని నేరుగా వాగులో పోసేస్తుంటే గడ్డి చేయగలిగింది ఏమీ లేదు. రైతు భూమి వదులుకున్నాడు, ప్రభుత్వం డబ్బు కట్టింది, రికార్డుల్లో ఎకరాలు చేరాయి, నైట్రేట్ మాత్రం కింది దారిన వెళ్లిపోయింది.

దీనికి విరుగుడు పెద్ద కష్టమైందేమీ కాదు. గొట్టాన్ని వాగు దాకా పోనివ్వకుండా పట్టీ దగ్గర ఒక పెట్టెలోకి మళ్లిస్తారు. అక్కడి నుంచి వాగుకి సమాంతరంగా చిల్లుల గొట్టం వేసి నీటిని పట్టీ కింది నేలలోకి ఇంకిస్తారు. ఆక్సిజన్ తక్కువగా ఉండే ఆ తడి నేలలో బ్యాక్టీరియా నైట్రేట్‌ని మామూలు నత్రజని వాయువుగా మార్చి గాల్లోకి వదిలేస్తుంది. సాచురేటెడ్ బఫర్ అంటారు దీన్ని. చెక్క పేళ్లు నింపిన కందకంలోకి గొట్టపు నీటిని పంపే బయోరియాక్టర్ కూడా ఇదే పని చేస్తుంది. పెద్ద స్థాయిలో చేయాలంటే గొట్టాలన్నీ కలిసే చోట ఒక చిత్తడి నేలని తిరిగి తయారుచేస్తారు.

2013లో అయోవా రాష్ట్రం ఖరారు చేసిన పోషకాల తగ్గింపు వ్యూహంలో ఒక్కో పద్ధతి ఎంత నైట్రేట్ తగ్గిస్తుందో పరిశోధనల సగటు తీసి పెట్టారు. చిత్తడి నేల తన గుండా పారే నీటిలో 52 శాతం, బయోరియాక్టర్ 43 శాతం. శీతాకాలంలో నేలని ఖాళీగా ఉంచకుండా రై అనే ధాన్యపు పైరు వేస్తే, అంటే కవర్ క్రాప్‌తో, 31 శాతం. ఎరువు శరదృతువులో కాకుండా వసంతంలో వేస్తే 6 శాతం మాత్రమే. ఎప్పుడు ఎరువు వేయాలన్న దాని మీద జరిగినంత ప్రచారం బయోరియాక్టర్ల మీద జరగలేదు. ఎరువు వేసే సమయం మార్చమని చెప్పడం సులువు, పైసా ఖర్చు లేదు, ఎవరికీ కోపం రాదు. పొరుగు పొలాలు నాలుగు కలిపి గొట్టాలు మళ్లించాలంటే ఇంజనీరు కావాలి, నలుగురి సంతకాలు కావాలి.

ఇక్కడే ఇంకో తిరకాసు ఉంది. కవర్ క్రాప్ వల్ల నేల కోత తగ్గుతుంది, కాలం గడిచే కొద్దీ మట్టిలో సేంద్రియ పదార్థం పెరుగుతుంది. రైతుకి ఎంతో కొంత దక్కుతుంది. బయోరియాక్టర్ వల్ల రైతుకి ఒక్క గింజ కూడా ఎక్కువ పండదు. దాని ప్రయోజనమంతా దిగువ వాళ్లదే. వాగుకి చవకగా మేలు చేసే పనుల్లో చాలావాటికి రైతు దగ్గర కారణమే లేదన్నమాట. అలాంటప్పుడు సగం ఖర్చు మేం పెడతాం, మిగతా సగం నువ్వు పెట్టుకో అనడం న్యాయంగా కనిపించదు. నన్నడిగితే వీటికి నూరు శాతం ఖర్చు సమాజమే పెట్టుకోవాలి.

ఒకే పని, రెండు ధరలు

కిలో లెక్క ఎలా ఉంటుందో అంకెలతో చూద్దాం. ఇవి అర్థం కావడానికి వేసుకున్న అంకెలు, ఏ పొలానివీ కావు. కవర్ క్రాప్‌కి విత్తనం, విత్తడం, వసంతంలో దాన్ని చంపడం అన్నీ కలిపి ఎకరాకి ఏడాదికి 40 డాలర్లు అవుతుందనుకోండి. టైల్ గొట్టాలున్న ఒక పొలం నుంచి ఏటా ఎకరాకి 12 కిలోల నత్రజని పోతోంది. 31 శాతం తగ్గితే ఆగేది 3.7 కిలోలు. అంటే కిలోకి సుమారు 11 డాలర్లు. పక్క పొలం వేరే రకం నేల, అక్కడ పోయేది 3 కిలోలే. అక్కడ అదే కవర్ క్రాప్, అదే 40 డాలర్లు, ఆగేది ఒక కిలో కన్నా తక్కువ. కిలోకి 43 డాలర్లు పడింది. ప్రభుత్వ లెడ్జర్‌లో రెండూ ఒకటే, చెరో ఎకరం.

నీటి నాణ్యత మీద పనిచేసేవాళ్లు ఒక మాట తరచూ అంటుంటారు, భాస్వరంలో 80 శాతం 20 శాతం నేల నుంచే వస్తుందని. ఆ అంకెలు ప్రతిచోటా అంత కచ్చితంగా ఉండవు కానీ విషయం నిజం. వాలుగా ఉండి, ఏళ్ల తరబడి పశువుల ఎరువు పడి భాస్వరం పేరుకుపోయి, వాగుకి దగ్గరగా ఉన్న కొన్ని మడులే ఎక్కువ నష్టం చేస్తాయి. డబ్బంతా అక్కడ కుమ్మరిస్తే తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం వస్తుందని ఎవరైనా చెప్పగలరు. జరిగేది వేరు. పథకాలు స్వచ్ఛందం కాబట్టి అడిగినవాళ్లకి ఇస్తారు. అడిగేవాళ్లు తరచుగా ముందునుంచీ జాగ్రత్తగా సేద్యం చేసేవాళ్లే. ఏ మడి నుంచి ఎక్కువ పోతోందో ఆ మడి యజమాని ఆఫీసు గడప తొక్కకపోతే అడిగేవాళ్లు లేరు. వెళ్లి తలుపు తట్టడమంటే నీ పొలం వల్లే వాగు పాడవుతోందని ముఖం మీద చెప్పడమే. అందరూ ఒకరికొకరు తెలిసిన చోట ఏ అధికారీ ఆ పని ఇష్టంగా చేయడు.

రైతు వైపు ఖర్చుని కూడా తక్కువగా లెక్కేయడం మామూలే. అయోవా అధ్యయనాల సగటులో రై తర్వాత వేసిన మొక్కజొన్న దిగుబడి 6 శాతం తగ్గింది. వసంతంలో వానలు పట్టుకుంటే రైని సమయానికి చంపలేరు, విత్తడం వెనకబడుతుంది, ఆ టెన్షన్‌కి ఏ సబ్సిడీ ఫారంలోనూ గడి ఉండదు. సోయాబీన్ ముందు రై పైరు వేస్తే ఈ ఇబ్బంది పెద్దగా లేదు. మొదటిసారి వేసేవాళ్లు అక్కడ మొదలుపెట్టడం తెలివైన పని. అన్నిటికన్నా పెద్ద అడ్డంకి కౌలు. అయోవాలో సాగుభూమి సగానికి పైగా కౌలుదారులు చేస్తున్నదే. వచ్చే ఏడు ఈ పొలం తన చేతిలో ఉంటుందో లేదో తెలియనివాడు, పదేళ్లకి నేల బాగుపడుతుందని ఈ ఏడు విత్తనాలు కొనడు. ఆయన్ని మొద్దు అనడానికి లేదు, లెక్క తెలిసినవాడే.

డబ్బు వృథా అయ్యే దారులు ఇంకో రెండున్నాయి, వాటిని త్వరగా చెప్పి ముందుకెళ్తాను. ఒకటి, డబ్బివ్వకపోయినా రైతు ఎలాగూ చేసేవాడా అన్నది. ఒహాయో రైతుల మీద జరిగిన ఒక అధ్యయనంలో గడ్డి పట్టీలు, కవర్ క్రాప్‌లు దాదాపుగా డబ్బు వల్లే వచ్చాయని తేలింది. దుక్కి తగ్గించే పద్ధతులకి ఇచ్చిన డబ్బులో మాత్రం ఎక్కువ భాగం, ఎలాగూ చేసేవాళ్లకే పోయింది, ఎందుకంటే దుక్కి తగ్గితే డీజిల్ ఖర్చు తగ్గుతుంది. రెండోది, ఒకచోట భూమి ఖాళీగా వదిలితే మరోచోట కొత్త భూమి నాగలి కిందికి రావడం. రిజర్వ్ ప్రోగ్రామ్‌లో 100 ఎకరాల్లో సాగు మానేస్తే 20 ఎకరాలు కొత్తగా సాగులోకి వచ్చాయని 2000లో ఒక ఆర్థికవేత్త లెక్కగట్టారు. తర్వాతి పరిశోధకులు ఆ అంకెని ఒప్పుకోలేదు.

ఈరీ సరస్సు చెప్పిన పాఠం

ఒక పద్ధతి మంచిదా చెడ్డదా అని అడగడం ఎందుకు సరిపోదో అమెరికా, కెనడా సరిహద్దులోని ఈరీ సరస్సు కథలో తేటగా కనిపిస్తుంది. 1960ల్లో ఆ సరస్సు చచ్చిపోయిందని పత్రికలు రాశాయి. 1972లో అమెరికా, కెనడా ఒప్పందం చేసుకుని మురుగునీటిలోంచి, డిటర్జెంట్లలోంచి భాస్వరం తగ్గించాయి. పొలాల్లో నేల కోత ఆపడానికి దున్నకుండా విత్తే జీరో టిల్లేజ్‌ని ప్రోత్సహించారు. మట్టి నష్టం తగ్గింది, మట్టితో పోయే భాస్వరం తగ్గింది, సరస్సు కోలుకుంది. అంతా సంతోషించారు.

1990ల మధ్య నుంచి, భాస్వరంతో పెరిగే నాచు సరస్సు మీద మళ్లీ తేలడం మొదలైంది. 2014 ఆగస్టులో, ఆ సరస్సు నీటినే తాగే టొలీడో నగర నీటి సరఫరాలో నాచు వదిలే మైక్రోసిస్టిన్ అనే విషం కనిపించింది. సుమారు 4 లక్షల మందికి పైగా జనాన్ని కుళాయి నీళ్లు తాగొద్దన్నారు. మరిగించినా లాభం లేదు, నీరు ఆవిరైన కొద్దీ విషం ఇంకా చిక్కబడుతుంది.

జరిగిందేమిటంటే, మొత్తం భాస్వరం పెద్దగా పెరగకపోయినా అందులో నీటిలో కరిగిన భాగం పెరిగింది. మట్టికి అతుక్కున్న భాస్వరంలో కొంతే నాచుకి అందుతుంది. కరిగినదయితే దాదాపు మొత్తం అందుతుంది. దున్నని పొలంలో ఎరువు పైనే చల్లితే పైనే పేరుకుంటుంది, కలియబెట్టే నాగలి లేదు కదా. దున్నని నేలలో వానపాములూ పాత వేళ్లూ చేసిన రంధ్రాలు చెక్కుచెదరకుండా ఉంటాయి. వాననీరు పైపొరలో భాస్వరాన్ని కరిగించుకుని ఆ రంధ్రాల గుండా నేరుగా టైల్ గొట్టాల్లోకి దిగిపోతుంది. ఎక్కువ గొట్టాలు పడడం, పెద్ద వానలు ఎక్కువవడం కూడా కారణాలే, నేరమంతా జీరో టిల్లేజ్ మీద మోపడం సరికాదు. కానీ మట్టిని కాపాడిన పద్ధతి కరిగిన భాస్వరానికి దారిచ్చిందన్న మాట నిజం.

పరిష్కారం వెనక్కి వెళ్లి మళ్లీ దున్నడం అనుకుంటే మళ్లీ మట్టి పోతుంది. ఎరువుని చల్లకుండా విత్తనంతో పాటు నేలలోపల పెట్టడం మధ్యేమార్గం. దానికి వేరే యంత్రం కావాలి, పని నెమ్మదిగా సాగుతుంది. చల్లే కాంట్రాక్టరు ఒక్కరోజులో తెమిల్చే పనికి రోజులు పడుతుంది. ఈరీ పశ్చిమ భాగానికి వచ్చే భాస్వరాన్ని 2008తో పోల్చి 40 శాతం తగ్గించాలని 2016లో రెండు దేశాలూ అనుకున్నాయి. నేలలో దశాబ్దాలుగా నిల్వ చేరిన భాస్వరం ఉన్నంత కాలం, ఈ ఏడు ఎరువు మానేసినా వాగులోకి కొంత పోతూనే ఉంటుంది.

లాభానికి ధర కట్టడం

ఖర్చు వైపు కనీసం బిల్లులుంటాయి. లాభం వైపు ధర కట్టడం అసలు తలనొప్పి. తాగునీటి విషయంలో మాత్రం కాస్త సులువు, ఎందుకంటే చెడిన నీటిని శుభ్రం చేసే ఖర్చు కళ్లకి కనిపిస్తుంది. అయోవా రాజధాని డెస్ మొయిన్స్ నగరం తాగే నీరు రెండు నదులది, ఆ రెండూ మొక్కజొన్న పొలాల మధ్య నుంచే వస్తాయి. నైట్రేట్ తీసే ప్లాంటుని ఆ నగర నీటి సంస్థ 1990ల తొలి రోజుల్లోనే కట్టుకుంది. 2015లో అది ఎగువన ఉన్న మూడు కౌంటీల డ్రైనేజీ జిల్లాల మీద, అంటే పొలాల నీటిని బయటికి పంపే వ్యవస్థలు నడిపే స్థానిక సంస్థల మీద, దావా వేసింది. 2017లో కోర్టు కొట్టేసింది. 2025 జూన్‌లో నైట్రేట్ పెరిగి ప్లాంటు సామర్థ్యం చాలక ఆ ప్రాంతంలో లాన్లకి నీళ్లు పెట్టడం నిషేధించారు.

న్యూయార్క్ నగరం ఇంకో దారి పట్టింది. దాని నీటిలో అధిక భాగం క్యాట్‌స్కిల్, డెలావేర్ కొండ ప్రాంతాల నుంచి వడపోత లేకుండానే వస్తుంది. వడపోత ప్లాంటు కట్టాలంటే 600 కోట్ల డాలర్లకి పైగా అవుతుందన్నారు. దానికి బదులు ఎగువ ప్రాంతాన్నే కాపాడేందుకు 1997లో అక్కడి ఊళ్లతో ఒప్పందం చేసుకున్నారు. పాడి రైతులకి పేడ నిల్వ కట్టడాలు, వాగులకి కంచెలు నగరం డబ్బుతోనే వచ్చాయి. దీన్ని రైతుల కథగా చెప్పేవాళ్లు ఒకటి వదిలేస్తారు. ఆ ఖర్చులో చిన్న ఊళ్ల మురుగు శుద్ధి, భూముల కొనుగోలు పెద్ద వాటాలు. అయినా దారి చూపింది. ఫ్రాన్స్‌లో విట్టెల్ మినరల్ వాటర్ సంస్థ 1990ల నుంచి తన ఊటల చుట్టూ ఉన్న పాడి రైతులతో 18 ఏళ్లు, 30 ఏళ్ల ఒప్పందాలు చేసుకుని మొక్కజొన్న మాన్పించింది. ఈ రెండుచోట్లా కొనేవాడు ఒకడే, వాడికి తన లాభం ఎంతో కచ్చితంగా తెలుసు. మిసిసిపీకి అలా ఒకే కొనుగోలుదారు లేడు.

దీన్నిబట్టి ఒక కిలో నత్రజని ధర కూడా చోటుని బట్టి మారుతుందని అర్థమవుతుంది. నగరం నీటిని తీసుకునే చోటుకి ఎగువన ఆగిన కిలో విలువ ఎక్కువ. తాగే ఊరు లేని వాగులో ఆగిన కిలోకి చేపల పేరు మీదో, ఈత పేరు మీదో, గల్ఫ్ పేరు మీదో ధర కట్టాలి. అక్కడ ఎవరి అంచనా వారిది.

ఎంత కాలం పడుతుంది

విస్కాన్సిన్‌లో కూన్ క్రీక్ అనే చిన్న పరీవాహక ప్రాంతం ఉంది, సుమారు 360 చదరపు కిలోమీటర్లు. అమెరికాలో నేల కోతని అరికట్టే మొదటి వాటర్‌షెడ్ ప్రయోగం 1933లో అక్కడే మొదలైంది. వాలుకి అడ్డంగా పట్టీలుగా పంటలు వేశారు, పంట మార్పిడి తెచ్చారు, నిటారు కొండల మీదికి పశువులు పోకుండా ఆపారు. భూగోళ శాస్త్రవేత్త స్టాన్లీ ట్రింబుల్ దశాబ్దాల పాటు ఆ లోయలో ఎంత మట్టి మేట వేసిందో కొలిచి 1999లో ఫలితాలు వెల్లడించారు. లోయలో మట్టి పేరుకునే వేగం 1930ల నాటి దానిలో 6 శాతానికి పడిపోయింది. అంత మార్పు వచ్చినా కూన్ క్రీక్ నుంచి మిసిసిపీకి చేరే మట్టి దాదాపు మారలేదు. కొండల మీంచి రావడం తగ్గినప్పుడు, అంతకుముందు లోయలో పేరుకున్న మట్టిని వాగు తవ్వుకుని తీసుకుపోయింది.

లోయలో వాగు కోలుకుంది, ట్రౌట్ చేపలు తిరిగొచ్చాయి. వాగు మిసిసిపీలో కలిసే చోట కూర్చుని కొలిచినవాడికి మాత్రం ఏమీ జరగనట్టే ఉంటుంది. ఎక్కడ కొలుస్తున్నామన్న దాన్ని బట్టి ఒకే పథకం ఘన విజయమూ అవుతుంది, ఘోర వైఫల్యమూ అవుతుంది.

నైట్రేట్ విషయంలోనూ అంతే. అమెరికా తూర్పు తీరంలోని చెసాపీక్ బే అనే అఖాతం చుట్టూ వాగులకి చేరే భూగర్భ జలంలో కొంత దశాబ్దాల కిందట ఇంకిన వాన. 2010లో అక్కడ నత్రజనిని 25 శాతం, భాస్వరాన్ని 24 శాతం తగ్గించాలని, అందుకు కావాల్సిన పనులన్నీ 2025కి పూర్తి కావాలని నిర్ణయించారు. అన్నీ కాలేదు. అన్నీ అయినా నీటిలో ఆ మార్పు ఆ గడువుకే కనిపించేది కాదు.

ఆలస్యమయ్యే లాభానికి ఆర్థికవేత్తలు డిస్కౌంట్ వేస్తారు, అంటే ఏటా కొంత శాతం చొప్పున తగ్గించి దాని నేటి విలువ కడతారు. అమెరికా ప్రభుత్వం 2003లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 3 శాతం, 7 శాతం రెండు రేట్లూ వాడమంది. 30 ఏళ్ల తర్వాత వచ్చే 100 డాలర్ల లాభం 3 శాతం రేటుతో ఈరోజు 41 డాలర్లు. 7 శాతంతో 13 డాలర్లు. వాగులో నీరు, పొలంలో గడ్డి, రైతు ఖర్చు ఏవీ మారలేదు. ఒక అంకె మార్చితే లాభసాటి పథకం నష్టాల పథకమైపోయింది. ఖర్చు ప్రయోజనాల నివేదిక ఏది చేతికొచ్చినా నేను ముందు ఆ రేటు ఉన్న పేజీ వెతుకుతాను.

నీళ్లు శుభ్రమైతే వాగు బాగైనట్టేనా

రసాయనాలు తగ్గినంత మాత్రాన చేపలూ పురుగులూ వెంటనే రావు. మిన్నెసోటాలో ల సూర్ నది మట్టి ఎక్కువగా మోస్తుందని పొలాల మీద దృష్టి పెట్టారు. తీరా లెక్కిస్తే ఇప్పుడొస్తున్న మట్టిలో పెద్ద వాటా నది ఒడ్డులది, నది పక్కన నిటారుగా ఉన్న ఎత్తైన మట్టి దిబ్బలది. టైల్ గొట్టాలు వాననీటిని వేగంగా నదిలోకి దింపడంతో ప్రవాహం పెరిగి, నది తన ఒడ్డుల్ని తానే కోసుకుంటోంది. అలాంటి చోట పొలంలో మట్టిని ఆపే పనుల కన్నా నీటిని కాసేపు నిలబెట్టే చిత్తడి నేలలే ఎక్కువ పనికొస్తాయి.

నీడ సంగతి కూడా ఉంది. పెన్సిల్వేనియాలోని స్ట్రౌడ్ పరిశోధనా కేంద్రం వాళ్లు గడ్డి మధ్య పారే వాగు ఇరుకవుతుందని, చెట్ల మధ్య పారే వాగు వెడల్పుగా ఉండి కాలుష్యాన్ని తనంతట తానే ఎక్కువగా శుభ్రం చేసుకుంటుందని చూపించారు. వాగు జీవాలన్నీ కుదురుకోవాలంటే చెట్ల పట్టీ కనీసం 30 మీటర్లుండాలని వాళ్ల మాట. 30 మీటర్లంటే రైతు దగ్గర మాటల్లో చెప్పినంత తేలిక కాదు. అదే అయోవాలో, ఏటవాలు పొలంలో పదో వంతు నేలలో స్థానిక గడ్డి మొక్కల పట్టీలు వేస్తే నేల కోత దాదాపు 95 శాతం తగ్గింది. పదో వంతు అడగడం సాధ్యమే. ఆ పట్టీలని 2018 ఫార్మ్ బిల్లు తర్వాత రిజర్వ్ ప్రోగ్రామ్‌లో చేర్చారు.

బలవంతం చేసిన దేశమూ ఉంది. డెన్మార్క్ 1987 నుంచి వరసగా చట్టాలు తెచ్చింది. రైతు ఎంత నత్రజని వేయాలో కోటా పెట్టింది, కవర్ క్రాప్‌లు తప్పనిసరి చేసింది. సముద్రంలోకి పోయే నత్రజని సుమారు సగానికి తగ్గింది. కోటా మరీ బిగించడంతో గోధుమలో ప్రోటీన్ తగ్గి రైతులు గగ్గోలు పెట్టారు. 2015 చివర్లో ఆ కోటా సడలించి, చోటుని బట్టి నియమాలు పెట్టే వైపు మళ్లారు. స్వచ్ఛంద పద్ధతిలో అంత ఫలితం తెచ్చిన పెద్ద ప్రాంతం నాకు కనిపించలేదు. అయితే చట్టం కూడా చివరికి, ఏ మడి నుంచి ఎంత పోతోందన్న ప్రశ్న దగ్గరికే వచ్చి ఆగింది.

ఆ ప్రశ్నకి జవాబు కొలవకుండా రాదు. ఈరీలో కరిగిన భాస్వరం పెరుగుతోందని తెలిసింది ఒహాయోలోని హైడెల్‌బర్గ్ యూనివర్సిటీ ప్రయోగశాల వల్ల. 1970ల మధ్య నుంచి మౌమీ, సాండస్కీ నదుల దగ్గర యంత్రాలు పెట్టి రోజుకి కొన్నిసార్లు నీటి నమూనాలు తీస్తూ వచ్చారు. ఏడాది మొత్తంలో పోయే భాస్వరంలో అధిక భాగం కొద్దిపాటి పెద్ద వానల్లోనే పోతుంది. నెలకోసారి సీసా ముంచితే అది దొరకదు. పైగా మొత్తం భాస్వరాన్ని మాత్రమే కొలిచి ఉంటే ప్రమాదం కనపడేది కాదు, కరిగినదాన్ని విడిగా కొలిచారు కాబట్టి కనపడింది. ఎకరాల పథకాలకి ఇచ్చే ప్రతి వంద డాలర్లలో రెండు మూడు డాలర్లు ఇలాంటి కొలతలకి ముందే పక్కన పెట్టమంటే, ఆ మేరకు రైతులకి తగ్గుతుందన్న అభ్యంతరం వస్తుంది. తగ్గుతుంది కూడా. మిగతా తొంభై ఏడు డాలర్లు ఏ పొలానికి వెళ్లాలో మాత్రం అప్పుడే తెలుస్తుంది.